కొట్లో నిలిచిన సరుకు

2024 ఫిబ్రవరి 17, శనివారం

నాకు షుగర్ వచ్చింది. ఈ సంగతి నాకంటే ముందు ఇంట్లో అందరికీ తెలిసింది.

రిపోర్టు నందిత తెచ్చింది. నందిత నా కోడలు, బజారులో ల్యాబ్‌లో పని చేస్తుంది. పొద్దున రక్తం తీసింది కూడా తనే. కాగితం నా చేతికివ్వకుండా తిన్నగా వాళ్ళ మామ, అంటే మా ఆయన చేతికిచ్చింది. ఆయన చదివి వాళ్ళక్కకిచ్చాడు. అంబుజం వదినకు చదువు రాదు, అయినా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి తలాడించింది. అది నా దాకా వచ్చేసరికి కాఫీ మరక కూడా పడింది. పరగడుపున నూట ముప్పై రెండు.

పోయినేడు బార్డర్ అన్నారు. ఇప్పుడు దాటానట. ఈ గుడియాత్తం దాటి వేలూరు ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ పోనిదాన్ని, దాటక దాటక ఇదొకటి దాటాను.

ఆయన ఒకటే అడిగాడు, ఎవురికీ తెలీకుండా ఏం తింటా ఉండావు అని. ఏమీ తినడం లేదన్నాను. తినకుండా రక్తంలోకి చక్కెర యాడనుంచి వస్తాది, గాల్లోంచా అన్నాడు. యోగేష్ ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నా కొడుకు తండ్రి ఎదుట నోరు తెరిచేది అన్నం తినడానికే.

2024 ఫిబ్రవరి 18, ఆదివారం

ఈ డైరీ మందుల కంపెనీ వాళ్ళు మా ఆయన మెడికల్ కొట్టుకిచ్చింది. ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదివేది నేనొక్కదాన్నే. చదువుకున్నవాళ్ళంతా తమిళ బళ్ళో చదివారు, నేను పలమనేరు దాన్ని. ఏం రాస్తా ఉండావని వదిన అడిగింది. రామకోటి అన్నాను. లెంపలేసుకుని పోయింది.

2024 మార్చి 3, ఆదివారం

ఆదివారం ఆయన మాత్రలు నింపే రోజు. కంపెనీ మనిషి రెండు ప్లాస్టిక్ డబ్బాలు ఇచ్చిపోయాడు, ఒక్కోదానికి వారానికి సరిపడా గదులు. పింక్‌ది నాకు. నీలందాంట్లో వదిన లవంగాలు పోసుకుంది. ఆయన కత్తెర, స్ట్రిప్పులు ముందేసుకుని, పీట మీద కూర్చుని, ఒక్కో గదిలో బీపీదొకటి, కొత్తగా షుగర్‌దొకటి వేస్తాడు. నన్ను తాకనివ్వడు. పూజకు కూడా ఇంత శ్రద్ధగా కూర్చోగా చూడలేదు.

ఆ బీపీ మాత్ర సంగతి రాయాలి. మూడేళ్ళ కిందట వేలూరులో కలైయరసి డాక్టరమ్మ నాకు బీపీ అని చెప్పి చీటీ రాసింది. ఆయన బస్సులోనే చీటీ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక వేరే మాత్ర చేతిలో పెట్టాడు. మా ఊళ్ళో జయరామన్ డాక్టరని ఒకాయన ఉండేవాడు, బతికినంత కాలం బీపీ అన్నవాళ్ళందరికీ ఒకటే టూ ఇన్ వన్ మాత్ర రాశాడు. గుండె దడ తగ్గించేది ఒకటి, ఒంట్లో నీళ్ళు పోయించేది ఒకటి, రెండూ కలిపింది. ఆ డాక్టరు పోయాడు. ఆ మాత్ర రాసే దిక్కు లేక కొట్టు అటక మీద పెట్టెలు నిలిచిపోయాయి. బీపీకి బీపీ మాత్రే గదా, ఏదైతే ఏంది అన్నాడు మా ఆయన.

ఇది ఈ ఇంటి ధర్మం. కొట్లో నిలిచింది ఇంటికి రావాలి. మా మామ కాలంలో అది పచారీ కొట్టు. నేను కాపురానికొచ్చిన కొత్తలో పుచ్చిన కందిపప్పు, చీమలు పట్టిన బెల్లం, బూజు దులిపిన చింతపండు, ఇదే మా వంట. మంచి సరుకు ఇంట్లో తింటే కొట్టు కడుపు కొట్టినట్టే అని అత్త చెప్పేది. ఈయన మెడికల్ షాపు పెట్టినప్పుడు నాకెంత సంతోషమో. మాత్రలు ఎవరూ వండి వడ్డించరు కదా అనుకున్నాను.

2024 మార్చి 21, గురువారం

ఆయన స్నేహితుడు ఆర్కాటు నుంచి మక్కన్ పేడా పెట్టె తెచ్చాడు, నెయ్యిలో వేయించి లోపల జీడిపప్పు కూరినవి. ఇవాళ చూస్తే రెండు లేవు.

ఆయన నన్ను హాల్లోకి పిలిచాడు. చేతులు చాపమన్నాడు. వదిన నా మణికట్టు పట్టుకుంది, ఆయన వంగి నా వేళ్ళు వాసన చూశాడు. కొడుకు, కోడలు చూస్తూ ఉన్నారు. నా వేళ్ళకు ఇంగువ వాసన, ఇంకేముంటుంది. నెయ్యి వాసనే అన్నాడు ఆయన.

వదిన పైట మీద చిన్న జీడిపప్పు తునక అతుక్కుని ఉంది. చూపించాను. ముసల్ది, దాని మీద నింద వేస్తావా, మీ యక్క కాలు గుర్తుండాదా లేదా అన్నాడు.

గుర్తుంది. మా సరసక్కకు షుగర్‌తో మోకాలి దాకా తీసేశారు. తీసిన కాలు దురద పెడుతోంది, గోకవే అనేది నాతో. నేను దుప్పటి గోకేదాన్ని. ఏడాదిలో పోయింది. ఆయన నన్ను ఏదైనా అనాలనుకున్నప్పుడల్లా ఆ కాలు తీస్తాడు. రోజూ స్నానమయ్యాక వేళ్ళ మధ్య చూసుకుంటున్నాను. భయంగా ఉంది. ఇంత నోరున్నదాన్ని, భయంతో చచ్చిపోతున్నాను.

2024 మార్చి 22

ఫ్రిజ్‌కు తాళం. తాళంచెవి వదిన మొలలో.

2024 ఏప్రిల్ 9, మంగళవారం. ఉగాది

పచ్చడి నేనే కలిపాను. మామిడి ముక్కలు, చింతపండు, వేపపువ్వు, ఉప్పు, కారం. బెల్లం మాత్రం వదిన తాళం తీసి తన చేత్తో వేసింది. వేసేముందు ఆయన ఒక గ్లాసులో నా వంతు పక్కకు తీయించాడు. బెల్లం లేకుండా.

నీకు చేదు భాగమే మంచిది అన్నాడు. అందరూ చూస్తుండగా తాగాను. ఏడాదికంతా అదే నా ఫలితమట. బాగానే చెప్పారు పంతులుగారు కాని పంతులుగారు.

నాకు ఒళ్ళు బరువుగా ఉంటోంది. చేతులు చల్లగా, పిక్కలు పట్టేస్తాయి. మెట్లెక్కితే గుండె కదలనని మొండికేస్తుంది. తినేది చూస్తే రాగి సంగటి, ఆకుకూర. మరి ఇదంతా ఎక్కడి నుంచి వస్తోంది. ఒక్కోసారి నాకే అనుమానం వస్తోంది, తెలియకుండా తింటున్నానేమోనని.

2024 మే 14, మంగళవారం. గంగమ్మ శిరసు జాతర

ఊరంతా జనం. అమ్మవారి శిరసు వీధిలోకి వచ్చేసరికి కొబ్బరికాయలు పగిలిన శబ్దానికి చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాలు, పేర్నాంబట్టు నుంచీ తిరువలం నుంచీ చుట్టాలు. ముళ్ళ వంకాయ కూర, పప్పు, ఓళిగలు, సేమ్యా పాయసం. పొద్దున మూడింటి నుంచి నిలబడి వండాను.

నా ఆకులో ఎవరో పిల్ల తెలియక పాయసం వడ్డించింది. నేనింకా చెయ్యి కూడా పెట్టలేదు. ఆయన వరసలోంచి లేచి వచ్చి, వంగి, నా ఆకు లాగి కుక్కకు వేయించాడు. అన్నంతో సహా. మా ఇంట్లో దొంగ ఉండాదప్పా, మీ సంచులు జాగ్రత్తగా పెట్టుకోండి అన్నాడు. పంక్తి మొత్తం నవ్వింది.

నేనూ నవ్వాను. అదే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. వాళ్ళు నవ్వినందుకు కాదు.

2024 జూన్ 16, ఆదివారం

ఇవాళ కొట్టు ముందు ఉచిత బీపీ శిబిరం. శిబిరం పెడితే మాత్రలు అమ్ముడుపోతాయని ఆయన లెక్క. జనం జంకుతూ ఉంటే, భయమేంది, ఇదో నేను కూర్చుంటా ఉండా అని కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు. నందిత చూసింది. మళ్ళీ చూసింది. నూట అరవై నాలుగు, నూట రెండు. పరగడుపునే ఉన్నాడు గదా అని అక్కడే వేలు పొడిచి చక్కెర కూడా చూసింది, నూట ఆరు. బార్డర్.

ఇంటికొచ్చాక నీలం డబ్బాలోంచి వదిన లవంగాలు కింద పోశాడు. కొట్లోంచి కొత్త స్ట్రిప్పు తెచ్చాడు. అది కూడా టూ ఇన్ వన్నే, కానీ నాది కాదు. పేరు కూడబలుక్కుని చదివాను. టెల్మి అని మొదలవుతుంది. మూడేళ్ళ కిందట చీటీ మీద చూసిన మొదటి అక్షరాలు ఇవే అనిపించింది.

మీకొకటి, నాకొకటి ఎందుకు అని అడిగాను. నేను కొట్లో నిలబడే మనిషిని, నువ్వు ఇంట్లో కూర్చునేదానివి అన్నాడు. మగోళ్ళ ఒళ్ళు వేరే అన్నాడు. ఆ తర్వాత రెండు మైసూర్‌పాక్ తిన్నాడు. నాకూ బార్డరే, అదుపుండాలి మనిషికి అన్నాడు నోట్లో పెట్టుకుంటూ.

ఆయన మాత్ర నేనే చేతిలో పెట్టాలి. వక్కపలుకైనా, మాత్రైనా పెళ్ళాం చేతి నుంచే అందాలి ఈ ఇంట్లో. ఆయన పొద్దున ఫోన్‌లో మొహం పెట్టి అరచెయ్యి చాపుతాడు. పెడతాను. చూడకుండా నోట్లో వేసుకుంటాడు.

2024 జూలై 11, గురువారం. మధ్యాహ్నం మూడు, వేలూరు బస్టాండు

ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

ఎప్పుడూ డాక్టరమ్మ దగ్గరికి ఆయన వెంట వచ్చేవాడు. నా తరఫున ఆయనే జవాబు చెప్పేవాడు. మీరు రాసిందే వాడతా ఉండాదమ్మా అని తమిళంలో చక్కగా చెప్పేవాడు. ఇవాళ కొట్టుకు మందుల ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని ఫోన్ వచ్చింది, ఒక్కదాన్నే పంపాడు. పింక్ డబ్బా సంచిలో వేసుకొచ్చాను.

ఏం వేసుకుంటున్నావో చూపించు అంది డాక్టరమ్మ. డబ్బా తెరిచాను. ఆమె మాత్ర వేలి మీద పెట్టుకుని చూసి, ఇది నేను రాసింది కాదే అంది. యోగేష్‌కు ఫోన్ చేసి ఇంట్లో ఉన్న స్ట్రిప్పు మీది పేరు చదివించింది. వాడు చదివాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. ఎన్నాళ్ళుగా అంది. మూడేళ్ళు అన్నాను.

అప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పింది. ఈ పాత జోడీ బీపీని తగ్గిస్తుంది, కాదనను. కానీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళకు, పొట్ట ఉన్నవాళ్ళకు, బార్డర్‌లో ఉన్నవాళ్ళకు ఇది చక్కెరను పైకి నెడుతుంది. కొవ్వునూ కదిలిస్తుంది. నీ అక్క సంగతి విని, నీ నడుము చూసే నీకు వేరేది రాశాను. ఇదొక్కటే కారణమని ఒట్టు పెట్టలేను గానీ, అంచున నిలబడ్డదాన్ని తోసింది ఇదే అయ్యుంటుంది అంది. ఆ నీరసం, చల్లటి చేతులు, పిక్కలు పట్టేయడం కూడా దీనివల్లే కావచ్చు అంది. ఒక్కసారిగా ఆపకూడదు, కొన్నాళ్ళు సగం చేసి అప్పుడు మానాలి అని మళ్ళీ చీటీ రాసిచ్చింది.

నేను తినలేదమ్మా అన్నాను. ఆమె అడగలేదు కూడా. తినలేదమ్మా, తినలేదమ్మా అని ఏడ్చేశాను. నర్సు నీళ్ళు తెచ్చింది.

ఇప్పుడే బస్టాండు పక్క కొట్లో ఒక మక్కన్ పేడా కొని తిన్నాను. శిక్ష ముందే పడింది కదా, నేరం చేయకపోతే ఎట్లా. మూతి తుడుచుకోలేదు.

2024 జూలై 11, రాత్రి

చెప్పాను. చీటీ చూపించాను. డాక్టరమ్మ అన్నదంతా చెప్పాను.

ఆయన నవ్వాడు. డాక్టర్లకు కంపెనీలు ఇస్తాయి, రాస్తారు, నాకు తెలీదా వీళ్ళ సంగతి అన్నాడు. మాత్ర చక్కెర పోస్తాదంట, నోరు కాదంట అని వాళ్ళక్కతో చెప్పాడు. వదిన కూడా నవ్వింది. నోటికి తాళం వేసేదానికి మాత్ర లేదా తమ్ముడా అంది.

అట్లయితే మీరు వేసుకునేదే నాకూ ఇవ్వండి అన్నాను. అమ్ముడుపోయే సరుకు ఇంట్లో తింటే కొట్టెట్ల నడుస్తాది అన్నాడు. మీరు తింటున్నారు కదా అన్నాను. చీటీ లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు. అటక మీదుండేవి అయిపోనీ, అప్పుడు చూస్తాంలే అన్నాడు. యోగేష్ వైపు చూశాను. నాయన చెప్తా ఉండాడు గదమ్మా అన్నాడు వాడు.

2024 జూలై 12, శుక్రవారం

మా ఆయనకు స్ట్రిప్పులు తెలుసు. మాత్రలు తెలియవు.

2024 జూలై 14, ఆదివారం

ఆయన రెండు డబ్బాలూ నింపి కొట్టుకు పోయాడు. తలుపు వేసుకుని ఇద్దరి బీపీ మాత్రలూ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ చిన్నవే, తెల్లటివే. నాది కొంచెం గుండ్రం. అరచేతిలో పెట్టి మూస్తే ఏది ఏదో గంగమ్మకు కూడా తెలియదు.

డాక్టరమ్మ సగం చేయమంది కదా. కత్తిపీటతో రెండూ సగానికి కోశాను. ఒక సగం పాతది, ఒక సగం కొత్తది నాకు. అట్లాగే ఆయనకు. రేపటి నుంచి కొన్నాళ్ళు ఇట్లా. ముప్పై ఏళ్ళ కాపురంలో మొగుడూ పెళ్ళాం ఏదైనా సమానంగా పంచుకున్నది ఇదొక్కటే.

2024 జూలై 15, సోమవారం

పొద్దున చెయ్యి చాపాడు. పెట్టాను. ఏంది ఇది పొడిపొడిగా ఉండాది అన్నాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. డబ్బాలో దొర్లి రాలింటాది అన్నాను. మింగేశాడు.

2024 జూలై 29, సోమవారం

ఇవాళ్టి నుంచి పూర్తిగా మార్చేశాను. ఆయనది నాకు, నాది ఆయనకు.

భయం వేయలేదని రాస్తే అబద్ధం. రెండుసార్లు మాత్ర తీసి మళ్ళీ డబ్బాలో వేశాను. కానీ నేను విషం పెట్టడం లేదు. ఆయన నాకు పెట్టిందే ఆయనకు పెడుతున్నాను, ఏమీ కాదని ఆయనే చెప్పిన మాత్ర.

2024 సెప్టెంబరు 8, ఆదివారం

మెట్లు ఒక్కబిగిన ఎక్కాను. పైకెళ్ళి నిలబడి అనవసరంగా ఇంకోసారి దిగి ఎక్కాను.

ఆయనకు ఈమధ్య నీరసం. కొట్లో స్టూల్ వేయించుకున్నాడు. రాత్రి పిక్క పట్టిందని అరిచి లేస్తాడు. వయసు అంటాడు. పొద్దున మాత్ర పెట్టేటప్పుడు ఆయన అరచెయ్యి తగిలింది. చల్లగా ఉంది. నా చెయ్యి అట్లా ఉన్నప్పుడు ఈయన ఒక్కసారి కూడా పట్టుకుని చూడలేదు, వాసన చూడ్డానికి తప్ప.

2024 అక్టోబరు 31. దీపావళి

లడ్లు నేనే చుట్టాను. తాళం వదిన దగ్గర. పండగ మొత్తం ఆయన పళ్ళెంలో.

2025 జనవరి 19, ఆదివారం

నందిత ఇద్దరికీ రక్తం తీసింది. నాది నూట పన్నెండు. ఆయనది నూట ముప్పై నాలుగు. మూడు నెలల చక్కెర కూడా చూశారు, ఆయనది ఆరు పాయింట్ ఎనిమిది.

ఈసారి కాగితం ముందు నా చేతికొచ్చింది. చదివాను. వదినకిచ్చాను. వదిన చూసి తలాడించింది, అలవాటు కదా.

ఆయన లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. మిషన్ తప్పు, ఇంకోసారి తీయి అన్నాడు. తీసింది. అదే. దీపావళి తర్వాత స్వీటు ముట్టలేదు నేను అన్నాడు. ఆ మాట నిజం. బార్డర్ పేరు విన్నప్పటి నుంచి లోపల భయంగానే ఉంది మనిషికి, పైకి బింకం. సంక్రాంతికి పొంగలి కూడా రెండు మెతుకులే తిన్నాడు, నేను చూశాను.

తినకుండా చక్కెర యాడనుంచి వస్తాది, గాల్లోంచా అన్నాను.

నందిత సూదులు సర్దుకుంటూ నా వైపు చూసింది. అత్తా, మీకు మాత్ర ఏమన్నా మార్చినారా అని మెల్లగా అడిగింది. రామకోటి మహిమ అన్నాను. ఆ పిల్ల తెలివైంది. మళ్ళీ అడగలేదు.

2025 ఫిబ్రవరి 6, గురువారం

వదిన మొలలోంచి తాళంచెవి నా మొలలోకి వచ్చింది. అడగలేదు, తనే ఇచ్చింది. గాలి ఎటుంటే అటు ఆవిడ.

సాయంత్రం ఆయన కొట్టు నుంచి రాగానే చేతులు చాపమన్నాను. చుట్టాలున్నారు, పేర్నాంబట్టు వాళ్ళు, జాతర నాడు పంక్తిలో నవ్వినవాళ్ళే. ఆయన నవ్వులాటకన్నట్టు చాపాడు. వదిన అలవాటుగా మణికట్టు పట్టుకుంది. వంగి వాసన చూశాను. స్పిరిట్ వాసన, నోట్ల వాసన. నెయ్యి వాసనే అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

నిద్ర బాగా పట్టింది.

2025 మార్చి 30, ఆదివారం. ఉగాది

ఆయన గ్లాసు పక్కకు తీసి పెట్టాను. బెల్లం లేకుండా. పోయినేడు ఆయనన్న మాటే, మీకు చేదు భాగమే మంచిది అన్నాను. తాగాడు. నా గ్లాసులో బెల్లం కరగకుండా అడుగున ఉంది, వేలితో తీసి నాకాను, ఆయన ఎదురుగానే.

2025 ఏప్రిల్ 13, ఆదివారం

ఆయన కాలి బొటనవేలికి దెబ్బ తగిలింది, గడప తట్టుకుని. వారమైంది, ఇంకా మానలేదు. దూది పెట్టి కడుతుంటే, మీ యక్కకు ఇట్లనే మొదలయినాదా అని అడిగాడు. అవునన్నాను. అబద్ధం. అక్కకు వేలు నల్లబడింది. ఇది ఎవరికైనా తగిలే దెబ్బ.

ఆయన మొహం పాలిపోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు. లోకా, మా యమ్మ మీద ఒట్టు, నేనేమీ తినలేదు, ఎవురూ నమ్మేది లేదు, యోగేష్ గూడా జేబులు చూస్తా ఉండాడు, నువ్వన్నా నమ్ము అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచి నన్ను పేరు పెట్టి పిలిచింది లెక్కపెట్టొచ్చు.

ఈ ఊళ్ళో ఆయన తినలేదని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. నోటి దాకా వచ్చింది. చెయ్యి విడిపించుకుని కట్టు ముడి సరిచేశాను. నా మనసు రాయి కాదు, రాయైతే హాయిగా ఉండేది.

అందరూ అట్లనే అంటారు అన్నాను. లేచి వంటింట్లోకి వచ్చి ఏడ్చాను.

ఇప్పుడు ఒకటి తీర్మానం చేసుకున్నాను. అటక మీద ఒక్క పెట్టె మిగిలింది, జాతర దాకా వస్తుంది. అయిపోయిన రోజు ఆయన నాకు ఏ మాత్ర తెస్తాడో చూస్తాను. తను వేసుకుంటున్నానని ఆయన అనుకుంటున్న మాత్రే నాకూ తెస్తే చాలు. ఆ రోజే అన్నీ చెప్పేస్తాను. ఎక్కువ ముదరలేదు, డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం పోవచ్చు. కొడితే పడతాను, వెళ్ళగొడితే పలమనేరు పోతాను. గంగమ్మ మీద ఒట్టు.

2025 ఏప్రిల్ 27, ఆదివారం

డబ్బాలు నింపుతుంటే పక్కన కూర్చున్నాను. నా మాత్రలు అయిపోవస్తున్నాయి, ఈసారి డాక్టరమ్మ రాసింది తెస్తారా అని అడిగాను. మెత్తగా అడిగాను, నాకే ఆశ్చర్యం వేసింది.

చూస్తాలే అన్నాడు. వద్దనలేదు. చీటీ చింపినప్పటి మొహం కాదు. వేలు మానింది, నడక కుదుటపడింది, మనిషి కొంచెం మెత్తబడ్డాడు. తన ఒంటికొస్తే గానీ తెలియలేదు, ఇప్పుడు తెలిసిందేమో. మధ్యాహ్నం ముళ్ళ వంకాయ ఆయనకిష్టమైనట్టు నువ్వులు దంచి పెట్టాను. రెండుసార్లు వేయించుకున్నాడు.

తెస్తాడు. తెస్తాడనే అనిపిస్తోంది. తేవాలి.

2025 మే 11, ఆదివారం

మూడు గదులు మాత్రమే నిండాయి. నువ్వు దిగులు పడాకు, నేను చూసుకుంటా గదా అన్నాడు, తనంతట తనే.

ఎట్లా మొదలుపెట్టాలో అద్దం ముందు చెప్పుకుని చూశాను. మీతో ఒక మాట చెప్పాల అని మొదలుపెడతాను.

2025 మే 14, బుధవారం. రేపు గంగమ్మ శిరసు

పొద్దున చివరి మాత్ర ఆయన చేతిలో పెట్టాను. డబ్బా కడిగి ఎండలో పెట్టాను.

మధ్యాహ్నం ఆయన తిరుపత్తూరు నుంచి వచ్చాడు, భుజాన పెద్ద సంచి. అక్కడెవరో మెడికల్ షాపు మూసేస్తున్నారట. సంచి నా ముందు దించి చాలా నెలలకు మనసారా నవ్వాడు. అవే పాత పెట్టెలు. ఎవురూ కొనేది లేదంట, ఊరికే ఇచ్చినట్టే ఇచ్చినాడు, ఇంకా రెండేండ్లు గడువుండాది అన్నాడు.

నాకేనా అని అడిగాను.

ఇంకెవురికి, అంతా నీకే అన్నాడు.

అటక మీద పెట్టాలి, నిచ్చెన పట్టుకోమన్నాడు. మెట్టు మెట్టుకూ ఆగి, ఆయాసపడుతూ ఎక్కాడు. కదలకుండా పట్టుకున్నాను.